కొండల్లో రంగు చెదరనివ్వని ఇంజనీరు

ఈ స్వర్ణోత్సవ సంచికలో మిత్రులు మన మాస్టార్ల గురించి, హాస్టల్ భోజనం గురించి, బడి వెనకాల సిల్వర్ ఓక్ చెట్ల గురించి రాస్తారని నాకు తెలుసు. ఆ విషయాల్లో వాళ్ల జ్ఞాపకశక్తి ముందు నేను నిలవలేను. ముప్పై ఏళ్లకు పైగా టీవీ సిగ్నళ్ల పని చేసిన ఇంజనీరుని. అందుకని మన బడి గేటు ఎన్నడూ దాటని, అరకు అన్న పేరు బహుశా వినే ఉండని ఒక జర్మన్ ఇంజనీరు జీవితం రాస్తానని సంపాదక వర్గాన్ని అడిగి నాలుగు పేజీలు తీసుకున్నాను. ఆయన పేరు వాల్టర్ బ్రూక్.

ఆ పేరు మీలో చాలామంది విని ఉండకపోవచ్చు. ఆయన పని మాత్రం మీ ఇంట్లోనే ఉండేది. పాత డబ్బా కలర్ టీవీ వెనకవైపు అంటించిన కాగితం మీద ఓల్టులు, వాట్లు, సీరియల్ నంబరు మధ్య ఎక్కడో పి, ఏ, ఎల్ అని మూడు ఇంగ్లీషు అక్షరాలుండేవి. ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్ గారు మొదటిసారి పాల్ అన్నప్పుడు, వెనక బెంచీవాడొకడు అర లీటరా, లీటరా అని మెల్లగా అడిగి క్లాసంతా నవ్వించాడు. ఆ పాల్ పద్ధతిని తయారుచేసినవాడే బ్రూక్. మన దేశంలో రంగుల టీవీ మొదలైన రోజు నుంచి అనలాగ్ ప్రసారాలు ఆగిపోయే రోజు దాకా మనం చూసిన ప్రతి రంగూ ఆయన పద్ధతిలోనే గాలిలో ప్రయాణించి మన యాంటెన్నాకు చేరింది. మనలాంటి కొండ ప్రాంతాల వాళ్లకు ఆయన మరీ ముఖ్యం. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

బ్రూక్ 1908 మార్చి 2న జర్మనీ నైరుతి భాగంలో నోయిష్టాట్ అనే చిన్న పట్నంలో పుట్టారు. ఒక పక్క రైన్ నది మైదానం, మరో పక్క అడవులు కప్పిన కొండలు, మధ్యలో ద్రాక్షతోటలు. శృంగవరపుకోట దాటి ఘాటీ మొదలయ్యే చోటు మనకెలాగో, వాళ్లకది అలాంటి ఊరు. ఇంట్లోవాళ్లు వ్యాపారం చదివించాలనుకున్నారు. ఆ చదువు ఆయనకు పట్టలేదు. మధ్యలో వదిలేసి చెప్పుల ఫ్యాక్టరీలో మెషిన్ల దగ్గర అప్రెంటిస్‌గా చేరారు. అక్కడి నుంచి 1928లో శాక్సనీ ప్రాంతంలోని మిట్‌వైడా సాంకేతిక విద్యాలయానికి వెళ్లి ఎలక్ట్రికల్ చదివారు. పెద్ద యూనివర్సిటీ పట్టాతో మొదలుపెట్టిన మనిషి కాదు. మన బడి నుంచి ఐటీఐకీ పాలిటెక్నిక్‌కీ వెళ్లిన మిత్రులు ఈ సంగతి గమనించాలి.

ఆ తర్వాత బెర్లిన్. అప్పటికి టెలివిజన్ అంటే తిరిగే చక్రం. చిల్లులున్న రేకు పళ్లేన్ని మోటారుతో గిరగిరా తిప్పి, ఆ చిల్లుల్లోంచి బొమ్మను గీతలు గీతలుగా పంపేవాళ్లు. చక్రాల పద్ధతిలో పేరున్న హంగేరీ ఇంజనీరు డేనెష్ మిహాయి, చక్రాలతో పనిలేకుండా పూర్తిగా ఎలక్ట్రానిక్ టెలివిజన్‌ను 1931లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో చూపించిన మాన్‌ఫ్రెడ్ ఫాన్ ఆర్డెన్, ఈ ఇద్దరితోనూ బ్రూక్‌కు పరిచయం కలిగింది. ఒకరిది పోతున్న కాలం, ఇంకొకరిది వస్తున్న కాలం. 1933లో, పాతికేళ్ల వయసులో, సామాన్యులు కొనుక్కోగల టీవీ ఇలా ఉండొచ్చునని తాను తయారుచేసిన రిసీవర్‌ను అదే ప్రదర్శనలో పెట్టారు. 1935లో టెలిఫుంకెన్ కంపెనీలో ప్రొఫెసర్ ఫ్రిట్స్ ష్రోటర్ నడిపే పరిశోధన విభాగంలో చేరారు. కొంత విరామం తప్ప ఉద్యోగ జీవితమంతా ఆ కంపెనీతోనే సాగింది.

చేరిన మరుసటి ఏడే పెద్ద పని పడింది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్. జెస్సీ ఓవెన్స్ నాలుగు బంగారు పతకాలు గెలిచిన పోటీలవి. మైదానంలో టెలిఫుంకెన్ వాళ్లు పెట్టిన ఎలక్ట్రానిక్ కెమెరా మనిషి ఎత్తును మించిన పొడవుండేది. ఫిరంగిలా ఉందని జనం దాన్ని ఒలింపిక్ ఫిరంగి అనేవాళ్లు. దాన్ని నడిపిన ఇంజనీరు బ్రూక్. 180 గీతల బొమ్మ అది. మనం తర్వాత చూసినది 625 గీతల బొమ్మ. పోల్చుకుంటే ఎంత మసకో మీకే తెలుస్తుంది. ఇళ్లలో టీవీలు లేవు కనుక బెర్లిన్ నగరంలో ప్రభుత్వం పెట్టిన టీవీ గదుల్లో జనం కిక్కిరిసి చూశారు. పంచాయతీ ఆఫీసు టీవీ ముందు ఊరంతా కూర్చున్న రోజులు మనకూ తెలుసు కదా. మరుసటి ఏడాది పారిస్ అంతర్జాతీయ ప్రదర్శనలో బ్రూక్ తాను రూపొందించిన కెమెరా పరికరాన్ని ప్రదర్శించారు.

ఇక్కడొక చీకటి భాగం ఉంది. దాన్ని దాటేసి రాస్తే అది జీవిత చరిత్ర కాదు, సన్మాన పత్రం అవుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఉత్తర తీరాన పీనెముండేలో వీ-2 రాకెట్లు తయారయ్యాయి. రాకెట్ లేచేటప్పుడు దగ్గర నిలబడితే ప్రమాదం. అందుకని సుమారు రెండున్నర కిలోమీటర్ల దూరం నుంచి తెర మీద చూసేందుకు టీవీ కెమెరాల ఏర్పాటు చేశారు. ఈనాడు ప్రతి బ్యాంకులో, ప్రతి బస్టాండులో ఉన్న సీసీటీవీకి అది ముత్తాత. దాన్ని నడిపింది బ్రూక్. ఆ రాకెట్లు తర్వాత లండన్ మీద, ఆంట్‌వెర్ప్ మీద పడ్డాయి. 1943 చివరి నుంచి వాటిని మిట్టెల్‌బావ్-డోరా నిర్బంధ శిబిరంలో ఖైదీల చేత తయారు చేయించారు. ఆ శిబిరంలో వేలమంది చనిపోయారు. బ్రూక్ పని కెమెరాతోనే. అయినా ఆ కెమెరా దేనికి గురిపెట్టి ఉందో చెప్పాలి. రంగుల టీవీ పితామహుడని ఆయన్ని పొగిడే వ్యాసాల్లో ఈ భాగం ఒక్క వాక్యంలో అయిపోతుంది, అదీ మొట్టమొదటి సీసీటీవీ అన్న గొప్ప కింద. నాకది నచ్చదు.

యుద్ధం అయ్యాక 1950లో టెలిఫుంకెన్ ఆయనకు కొత్త టీవీ రిసీవర్ల తయారీ పని అప్పగించింది. పశ్చిమ జర్మనీలో 1952 డిసెంబరులో మళ్లీ ప్రసారాలు మొదలయ్యాయి. అవన్నీ నలుపు తెలుపు. సరిగ్గా ఏడాది తర్వాత, 1953 డిసెంబరులో, అమెరికా ఎన్‌టీఎస్‌సీ అనే రంగుల పద్ధతిని ఆమోదించింది. బ్రూక్ అసలు పని ఇక్కడ మొదలవుతుంది. కాస్త ఇంజనీరింగ్ తప్పదు, ఓపిక పట్టండి.

అమెరికా వాళ్ల ఆలోచన గొప్పది. అప్పటికే లక్షల ఇళ్లలో నలుపు తెలుపు టీవీలున్నాయి. వాటిని పారేయమనలేరు. అందుకని వెలుగు నీడల బొమ్మను మునుపటిలాగే పంపి, దాని మీద రంగు సమాచారాన్ని సన్నని పొరలా ఎక్కించారు. పాత టీవీ ఆ పొరను పట్టించుకోదు, కొత్త టీవీ చదువుకుంటుంది. ఆ పొరను గడియారం ముల్లులా ఊహించుకోండి. ముల్లు ఏ దిక్కుకు తిరిగి ఉందో అదే రంగు: ఒక దిక్కు ఎరుపు, ఇంకో దిక్కు పచ్చ, మరో దిక్కు నీలం. ముల్లు ఎంత పొడవుంటే రంగు అంత చిక్కన. చాలా తెలివైన ఏర్పాటు. ఒకటే చిక్కు. దారిలో ఏ కారణం చేతనైనా ముల్లు కొంచెం పక్కకు జరిగితే రంగే మారిపోతుంది. మన పాల్ పద్ధతి లెక్కలో చెప్పాలంటే ఈ ముల్లు సెకనుకు దాదాపు 44 లక్షల 30 వేల సార్లు తిరుగుతుంది. అది ఒక డిగ్రీ తప్పడానికి సెకనులో సుమారు 160 కోట్లో వంతు ఆలస్యం చాలు.

ఆలస్యం ఎక్కడి నుంచి వస్తుంది? కేబుళ్లలో, యాంప్లిఫయర్లలో కొంత వస్తుంది. అన్నిటికంటే మొండిది కొండల నుంచి వచ్చేది. గాలికొండ దగ్గర నిలబడి లోయలోకి కేకేస్తే ఎదుటి కొండ నుంచి కేక తిరిగి వస్తుంది. టీవీ సిగ్నల్ కూడా అంతే చేస్తుంది. నేరుగా వచ్చిన సిగ్నల్ ఒకటి, కొండకు తగిలి వంకర దారిలో వచ్చినది ఇంకొకటి, రెండూ ఒకే యాంటెన్నాలో పడతాయి. రెండో దారి మూడు కిలోమీటర్లు ఎక్కువైతే అది 10 మైక్రోసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. తెర మీద ఒక గీత గీయడానికి పట్టేది 52 మైక్రోసెకన్లు. అంటే తెర వెడల్పులో అయిదో వంతు పక్కకు జరిగి రెండో బొమ్మ పడుతుంది. మెకానిక్కులు దాన్ని గోస్ట్ అనేవాళ్లు. ఇళ్లలో మాత్రం రెండు బొమ్మలు పడుతున్నాయి, ఎవరైనా పైకెక్కి యాంటెన్నా తిప్పండర్రా అనేవాళ్లు. నలుపు తెలుపులో అది చిరాకు మాత్రమే. రంగుల్లో అలా కాదు. వెనక వచ్చిన సిగ్నల్ ముందు వచ్చిన సిగ్నల్‌తో కలిసి ముల్లును పక్కకు తోస్తుంది. ఎర్రగా ఉండాల్సిన చీర నారింజ అవుతుంది, మనిషి ముఖం పాలిపోయి ఆకుపచ్చ తిరుగుతుంది.

అమెరికాలో దీనికోసం టీవీకి టింట్ అని ఒక మర ఇచ్చారు. ఛానల్ మార్చినప్పుడల్లా దాన్ని తిప్పుకుని ముఖం రంగు సరిచేసుకోవాలి. ఎన్‌టీఎస్‌సీ అన్న నాలుగక్షరాలకు ఒకే రంగు రెండుసార్లు రాదు అన్న అర్థం వచ్చేలా ఇంజనీర్లు ఒక వెటకారపు విస్తరణ కూడా కట్టారు. తర్వాతి కాలంలో అక్కడి సెట్లు చాలా మెరుగయ్యాయి, అది వేరే విషయం. 1950ల చివర్లో యూరప్ ఇంజనీర్లకు కనిపించినది మాత్రం ఈ సమస్యే. వాళ్ల జనం ఆల్ప్స్ లోయల్లో, నల్ల అడవి కొండల్లో, రైన్ నది గట్టున నిటారు రాళ్ల కింద కూడా ఉన్నారు. చదునైన నేల మీద నడిచిన పద్ధతి అక్కడ నడవదు.

మొదట జవాబు చెప్పినది ఫ్రాన్స్. ఆన్రీ ద ఫ్రాన్స్ అనే ఇంజనీరు 1956లో సెకామ్ పద్ధతికి పునాది వేశారు. రంగుకు రెండు వివరాలు కావాలి కదా, రెండూ ఒకేసారి పంపడం వల్లే గొడవ. కనుక ఒక గీతలో ఒకటి, తర్వాతి గీతలో రెండోది పంపి, మొదటిదాన్ని టీవీలోనే ఒక గీత కాలం గుర్తుంచుకోవాలన్నారు. గుర్తుంచుకోవడానికి వాడినది డిలే లైన్. ముల్లు దిక్కుతో పనిలేదు కనుక రంగు తప్పడమన్నదే లేదు. కాకపోతే స్టూడియోలో రెండు సెకామ్ బొమ్మల్ని ఒకదాంట్లో ఒకటి కలపడం మహా కష్టం. అందుకే సెకామ్ దేశాల స్టూడియోలు కూడా చాలాచోట్ల పాల్‌లో పని చేసుకుని, చివర్లో ప్రసారానికి ముందు సెకామ్‌కు మార్చుకునేవి.

బ్రూక్ హానోవర్‌లోని టెలిఫుంకెన్ ప్రయోగశాలలో ఈ రెండు పద్ధతుల్నీ పక్కపక్కన పెట్టి చూశారు. ఆయనకు తోచిన ఉపాయం ఇది. ముల్లు తప్పకుండా ఆపడం మన చేతిలో లేదు. తప్పితే తప్పనీ, కానీ తప్పు తనను తానే కొట్టేసుకునేలా పంపుదాం. ఒక గీతలో గడియారాన్ని మామూలుగా, తర్వాతి గీతలో అద్దంలో చూసినట్టు తిప్పి పంపాలి. దారిలో కొండ రెండు ముళ్లనూ ఒకే వైపుకు పది డిగ్రీలు తోస్తుంది. టీవీలోకి వచ్చాక అద్దపు గీతను మళ్లీ మామూలుగా తిప్పితే, ఒక ముల్లు పది డిగ్రీలు ముందుంటుంది, ఇంకొకటి పది డిగ్రీలు వెనకుంటుంది. రెంటి సగటు తీస్తే సరైన దిక్కే వస్తుంది. ముల్లు పొడవు మాత్రం ఇసుమంత తగ్గుతుంది, అంటే రంగు రవ్వంత పల్చబడుతుంది. అది కంటికి దాదాపు తెలియదు. గీత గీతకూ ఫేజ్ మార్చేది అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలే పాల్.

సగటు తీయాలంటే ముందరి గీత 64 మైక్రోసెకన్లు ఆగి ఉండాలి. ఆ పని చేసేది ఒక గాజు ముక్క. కరెంటు రూపంలో వచ్చిన రంగు సిగ్నల్ గాజు అంచున అతిధ్వని ప్రకంపనగా మారుతుంది. గాజు లోపల గోడ నుంచి గోడకు తగులుతూ సుమారు 16, 17 సెంటీమీటర్ల దారి నడిచి, అవతలి అంచున మళ్లీ కరెంటు అవుతుంది. ఈలోపు సరిగ్గా ఒక గీత కాలం గడుస్తుంది. మెమొరీ చిప్‌లు లేని రోజుల్లో ఇదీ మెమొరీ. అంటే రంగును ధ్వనిగా మార్చి గాజులో నడిపించి మళ్లీ రంగు చేసుకునేవాళ్లు. ముప్పై ఏళ్లు ఇదే పని చేసినా నాకిప్పటికీ వింతగానే ఉంటుంది. గాజు లేకుండా చవకగా సెట్లు చేద్దాం, రెండు గీతల సగటు కన్నే తీసుకుంటుంది అని కొందరు ప్రయత్నించారు. తప్పు చిన్నదైతే కన్ను సర్దుకుంది. పెద్దదైతే తెరంతా అడ్డ పట్టీలు పాకాయి. వాటికి హానోవర్ పట్టీలన్న పేరు స్థిరపడింది.

ఇందులో ఎంత బ్రూక్ సొంతం అన్న ప్రశ్న ఆ రోజుల్లోనే వచ్చింది. ఫేజ్‌ను మార్చి మార్చి పంపే ఆలోచన 1950ల మొదట్లోనే అమెరికాలో హేజెల్టైన్ కంపెనీ ఇంజనీరు లాఫ్లిన్‌కు వచ్చింది. గీతను ఆపి ఉంచే డిలే లైన్‌ను రంగుల టీవీలోకి తెచ్చినది ఆన్రీ ద ఫ్రాన్స్. అయితే బ్రూక్ చేసిందేమిటి? ఆ రెంటినీ కలిపితే ఒకదాని లోపాన్ని ఇంకొకటి కప్పుతుందని చూసి, ఫ్యాక్టరీలో వేలకు వేలు తయారుచేసి ఇళ్లలో పెట్టదగిన వస్తువుగా దాన్ని నిలబెట్టారు. నా దృష్టిలో అది తక్కువ పని కాదు. బీటెక్ ప్రాజెక్టుకూ, మన్యంలో వానాకాలం నాలుగు నెలలు కరెంటు వస్తూ పోతూ ఉన్నా నడిచే యంత్రానికీ ఉన్న తేడా మనలో పని చేసినవాళ్లందరికీ తెలుసు. పేటెంటు దరఖాస్తు 1962 చివర్లో వేశారు. 1963 జనవరి 3న హానోవర్‌లో యూరప్ ప్రసార సంస్థల నిపుణుల ముందు బ్రూక్ పాల్‌ను మొదటిసారి చూపించారు.

బాగుంది కదా, అందరూ తీసేసుకుంటారు అనుకుంటాం. అలా జరగలేదు. ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్‌కు సెకామ్ దేశ ప్రతిష్ఠ. 1965 మార్చిలో ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ సెకామ్ మీద ఒప్పందం చేసుకున్నాయి. ఆ ఏడు వియన్నాలో, తర్వాతి ఏడు ఓస్లోలో ప్రపంచ దేశాల ఇంజనీర్లు కూర్చున్నా ఒక్క పద్ధతికి రాలేకపోయారు. 1967లో ఎవరి దారిన వాళ్లు మొదలుపెట్టారు. జూలై 1న బ్రిటన్ పాల్‌లో, ఆగస్టు 25న పశ్చిమ జర్మనీ పాల్‌లో, అక్టోబరు 1న ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ సెకామ్‌లో. బెర్లిన్ ప్రారంభోత్సవంలో విల్లీ బ్రాంట్ పెద్ద ఎర్ర బొత్తం నొక్కాలి. ఆయన పూర్తిగా నొక్కకముందే తెర మీద రంగు వచ్చేసింది. బొత్తం ఉత్తుత్తిది, అసలు స్విచ్చు లోపల టెక్నీషియన్ చేతిలో ఉంది. మన దగ్గర శిలాఫలకాల ఆవిష్కరణలు చూసినవాళ్లకు ఇందులో ఆశ్చర్యం ఉండదు.

అలా ప్రపంచం మూడు ముక్కలైంది. అమెరికా, కెనడా, జపాన్, ఫిలిప్పీన్స్ ఎన్‌టీఎస్‌సీ. ఫ్రాన్స్, సోవియట్ కూటమి, ఫ్రెంచి మాట్లాడే ఆఫ్రికా దేశాలు సెకామ్. పశ్చిమ యూరప్‌లో చాలా భాగం, ఆస్ట్రేలియా, చైనా, మన దేశం, మన ఇరుగుపొరుగు దేశాలు పాల్. బ్రెజిల్ అమెరికా గీతల లెక్కకు పాల్ రంగు కలిపి సొంత వంట వండుకుంది. తూర్పు జర్మనీ సెకామ్ పెట్టడంతో అక్కడి వాళ్లు గోడ అవతలి పశ్చిమ జర్మనీ కార్యక్రమాలు పట్టుకుంటే నలుపు తెలుపులోనే కనిపించేవి, ప్రత్యేకంగా డీకోడర్ అమర్చుకుంటే తప్ప. మన తెలుగువాళ్లకు ఈ మూడు ముక్కల సంగతి పెళ్లి క్యాసెట్ల ద్వారా తెలిసింది. ఇక్కడ విశాఖలో తీసిన పెళ్లి వీడియో క్యాసెట్‌ను అమెరికాలో ఉన్న అన్నయ్యకు పంపితే, అక్కడి వీసీఆర్‌లో తాళి కట్టే ఘట్టం గీతలు గీతలుగా దొర్లిపోయేది. ఎన్‌టీఎస్‌సీకి మార్పించి పంపాల్సి వచ్చేది.

కంపెనీలకూ ఇది వ్యాపార యుద్ధమే. టెలిఫుంకెన్ పాల్ లైసెన్సుల విషయంలో జపాన్ వాళ్లతో గట్టిగా ఉండేది. సోనీ తన తొలి యూరప్ సెట్లలో రెండు గీతల్లో ఒకదాని రంగునే వాడుకుని లైసెన్సు తప్పించుకుంది. ఫలితంగా ఆ సెట్లకు మళ్లీ టింట్ మర పెట్టాల్సి వచ్చింది. బ్రూక్ ఏ మరను తీసేయడానికి కష్టపడ్డారో అదే మర!

మన దేశంలో టీవీ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో మొదలైంది. హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబరు 23న వచ్చింది. మొదటి నుంచీ 625 గీతలు, సెకనుకు 25 బొమ్మల పద్ధతి కనుక రంగులకు వెళ్లేటప్పుడు పాల్ సహజంగా కుదిరింది. 1982 ఆగస్టు 15న రంగుల ప్రసారం మొదలైంది. నవంబరు 19 నుంచి డిసెంబరు 4 దాకా జరిగిన ఢిల్లీ ఆసియా క్రీడలతో జనానికి అలవాటైంది. మన సెట్లకు బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్, కలర్ అని మూడు మరలే ఉండేవి, గుర్తుందా? టింట్ లేదు. లేని ఆ నాలుగో మరే బ్రూక్ మనకిచ్చినది.

నేను ఇంజనీరింగ్ చదివే రోజుల్లో సెలవులకు వచ్చినప్పుడు, మా ఇంటికి ఎగువన రైల్వే క్వార్టర్లలో ఒకరింట కలర్ టీవీ ఉండేది. పొడవాటి వెదురు గడకు యాంటెన్నా కట్టి మైదానం వైపు తిప్పి పెట్టారు. మైదానానికీ మనకూ మధ్య తూర్పు కనుమలు. నేరుగా వచ్చే సిగ్నల్ నీరసంగా, కొండలకు తగిలి వచ్చేది దాదాపు అంతే బలంగా ఉండేవి. చుక్కలు చుక్కలుగా, మనిషి పక్కన నీడ మనిషితో బొమ్మ కనిపించేది. రంగు మాత్రం సరిగ్గా ఉండేది. కొంచెం పల్చన, అంతే. వార్తలు చదివే ఆవిడ చీర ఎరుపు ఎరుపుగానే ఉండేది. పక్కనున్న ఆవిడ నీడకు కూడా అదే ఎరుపు. చదువుకున్న సిద్ధాంతం కళ్లెదుట పని చేయడం నేను మొదటిసారి చూసింది ల్యాబులో కాదు, అక్కడ.

ఉద్యోగంలో చేరాక సిగ్నల్ బలం కొలిచే మీటరు జీపులో వేసుకుని ఇలాంటి కొండల్లోనే తిరిగాను. ఒక ఊళ్లో మీటరు ముల్లు బాగా లేస్తుంది, మలుపు తిరిగి పక్క ఊరికి వెళితే పడుకుంటుంది. మ్యాపు మీద గీసిన గుండ్రని వృత్తం లోపలే ఉన్నా వాళ్లకు టీవీ రాదు. కాగితాల మీద ఆ ఊరికి ప్రసారం అందినట్టే లెక్క. పై అధికారులకు ఇది చెప్పి ఒప్పించడం ఏ ఫేజ్ సమస్య కంటే కష్టంగా ఉండేది. బ్రూక్ గాజు ముక్క చెడిన రంగును బాగు చేయగలదు గాని, రాని సిగ్నల్‌ను రప్పించలేదు. ఇంకొక మాట. వచ్చిన చోట కూడా మన వాళ్లు చూసింది మన బొమ్మల్ని కాదు. నవంబరులో వలిసె చేలు పూసినప్పటి పసుపు, థింసా ఆడే ఆడవాళ్ల చీరల రంగులు ఆ తెర మీద ఎప్పుడో గాని కనిపించలేదు. ఇంట్లో కోటియా ఒడియా మాట్లాడే నా క్లాసుమేట్ల భాష ఆ పెట్టెలోంచి నేనెప్పుడూ వినలేదు.

ఆల్ప్స్ లోయల్లోని జనం గురించి ఆలోచించి చేసిన పని మనకు అచ్చంగా సరిపోవడం మన అదృష్టం. రంగుల పద్ధతిని చదునైన ప్రాంతపు అవసరాలకే పరిమితం చేసి ఉంటే, మరలు తిప్పుకుంటూ కూర్చునేది మనమే. బ్రూక్‌ను నేను ఈ కారణంగా తలుచుకుంటాను. పీనెముండేను కూడా మరిచిపోకుండానే.

ఆయనకు హాస్యం బాగా ఉండేదట. ఒక టీవీ కార్యక్రమంలో, కనిపెట్టినవారి పేరే పెట్టకుండా పాల్ అని ఎందుకు పెట్టారని అడిగారు. జర్మన్ భాషలో బ్రూక్ అంటే విరిగిపోవడం. విరిగిపోయే పద్ధతి అని పేరు పెడితే ఆ టీవీ ఎవరు కొంటారని ఆయన నవ్వేశారు. ఉద్యోగ బాధ్యతలు తగ్గాక జర్మన్ టెలివిజన్ చరిత్ర రాయడం మీద మనసు పెట్టారు. తిరిగే చక్రాల కాలం నుంచి రంగుల దాకా అన్నిటినీ దగ్గర నుంచి చూసినవాడు కనుక ఆ పని ఆయనే చేయాలి.

1990 మే 5న, 82 ఏళ్ల వయసులో, హానోవర్‌లో కన్నుమూశారు. అదే ఏడు అక్టోబరులో రెండు జర్మనీలు కలిశాయి. ఏడాది చివరికల్లా తూర్పు వైపు టీవీ కూడా సెకామ్ వదిలి పాల్‌కు మారింది. మన దగ్గర దూరదర్శన్ అనలాగ్ ట్రాన్స్‌మిటర్లు 2022 నాటికి దాదాపు అన్నీ మూతపడ్డాయి. ఇప్పుడు మన ఊళ్లలో ఇంటి కప్పు మీద ఉన్నది డిష్, దానిలో వచ్చేది అంకెలు. అంకెల్లో రంగు పల్చబడడం, నీడ పడడం ఉండదు. వస్తే పూర్తిగా వస్తుంది, లేకపోతే తెర గడ్డకడుతుంది.

పాత సెట్ల నుంచి తీసిన డిలే లైన్లు నా దగ్గర మూడున్నాయి. పైన ప్లాస్టిక్ తొడుగు విప్పితే లోపల అగ్గిపెట్టె పాటి గాజు పలక. వాటిలో ఒకదాన్ని మన బడి ఫిజిక్స్ ల్యాబుకు ఇచ్చాను. ఉత్సవానికి వచ్చినప్పుడు చూడండి, పట్టకాలు పెట్టే అలమరాలో పై అరలో ఉంటుంది. మీ ఇంటి అటక మీద పాత కలర్ టీవీ ఇంకా ఉంటే పాత సామాన్లవాడికి వేసేముందు నాకొక మాట చెప్పండి, ఇంకో రెండు బళ్లకు కావాలి.